టిప్పు గీకే ముందు: పూల్ పార్లర్లలో పనిచేసేవారికి

"అన్నా, ఈ క్యూ జారుతోంది, ఇంకోటియ్యి." పూల్ పార్లర్‌లో మార్కర్‌గా పనిచేసేవాళ్లు రోజూ వినే మాట ఇది. ఇంకో క్యూ ఇస్తారు. అదీ జారుతుంది. అప్పుడు ఎక్కువమంది కౌంటర్ డ్రాయర్లోంచి ఉప్పు కాగితం ముక్క తీసి క్యూ కొసనున్న తోలు టిప్పును బరబరా నాలుగు గీకులు గీకేస్తారు. ఆ పూటకు గండం గడుస్తుంది. వారం తిరిగేసరికి మళ్లీ అదే ఫిర్యాదు, మళ్లీ అదే గీకుడు. కొన్నాళ్లకు తోలంతా పొడైపోయి దాని కిందుండే గట్టి తొడుగు, అంటే ఫెర్రుల్, బయటపడుతుంది. యజమానికి ఖర్చు, ఆడేవాడికి చిరాకు, మార్కరుకు చీవాట్లు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలో పార్లర్లలోనో క్లబ్బుల్లోనో క్యూల బాగోగులు చూసుకునేవారి కోసం ఈ నాలుగు మాటలు. టిప్పు పని చూడటానికి చిన్నదే. కానీ చక్కగా చేసేవాళ్లు ఊరికి ఒకరిద్దరు కూడా దొరకరు. అందుకే సొంత క్యూ ఉన్న ఆటగాడు నమ్మకమైన చెయ్యి ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్తాడు. మార్కర్ ఉద్యోగంలో ఉన్న కుర్రాడికి జీతానికి తోడు చేతి పనిగా నిలబడగలిగినది ఏదైనా ఉంటే అది ఇదే. దీనికి మెషిన్లు అక్కర్లేదు, ఓపిక కావాలి. ఈ పనిలో నేను నమ్మే కొలబద్ద కూడా ఒక్కటే: తోలు ఎంత తక్కువ పోతే అంత మంచి పనివాడు.

ముందు ఆ తోలు ఎందుకుందో చూద్దాం. ఒకప్పుడు క్యూ చివర ఉత్త కర్రే ఉండేది. బంతిని మధ్యలో కొడితే సరే, పక్కకు కొడితే జారిపోయేది. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో ఫ్రాంస్వా మేంగో అనే ఫ్రెంచి సైనికాధికారి క్యూ కొసకు తోలు బిళ్ల అంటించి ఆడాడని బిలియర్డ్స్ చరిత్ర చెబుతుంది. ఆ తోలుతోనే బంతికి స్పిన్ ఇవ్వడం ఆటలో భాగమైంది. ఇక మనం చాక్ అని పిలిచే నీలం దిమ్మ నిజానికి సుద్ద కాదు. 1897లో అమెరికాలో విలియం స్పింక్స్ అనే ఆటగాడు, విలియం హాస్కిన్స్ అనే రసాయనవేత్త కలిసి దానికి పేటెంటు తీసుకున్నారు. అందులో ఉన్నది మెత్తటి ఇసుక లాంటి సిలికా, ఉప్పు కాగితానికి వాడే అల్యూమినియం ఆక్సైడు. బంతిని పట్టుకునేది ఆ గరుకు పొడి. తోలు చేసే పని ఆ పొడిని తన ఒంటిమీద నిలుపుకోవడం.

ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే సగం పని వచ్చినట్టే. "బాగా గరుకు చెయ్యన్నా, స్పిన్ ఎక్కువ రావాలి" అని అడిగే కుర్రాళ్లు చాలామంది. గరుకు పెంచితే స్పిన్ పెరగదు. చాక్ సరిగ్గా పట్టిన టిప్పు జారకుండా ఉంటే చాలు, స్పిన్ ఎంత రావాలో నిర్ణయించేది బంతి మీద ఎక్కడ, ఎంత వేగంగా కొట్టామన్నదే. బంతి నడిబొడ్డు నుంచి అంచు దాకా ఉన్న దూరంలో దాదాపు సగం వరకే మనం కొట్టగలం. అది దాటితే ఎంత గొప్ప టిప్పయినా జారిపోతుంది, అంటే మిస్‌క్యూనే. 57 మిల్లీమీటర్ల పూల్ బంతికి ఆ హద్దు మధ్య నుంచి 14 మిల్లీమీటర్ల దగ్గరుంటుంది. టిప్పు బంతిని తాకి ఉండేది సెకనులో వెయ్యో వంతు అటూ ఇటూ. అంత తక్కువ సేపట్లో పట్టు దొరకాలంటే తోలు మీద చాక్ పలచగా, అన్ని వైపులా సమంగా ఉండాలి. అక్కడక్కడా ఎగుడుదిగుడుగా చీరుకుపోయిన తోలు మీద అది కుదరదు.

క్యూ చేతికి రాగానే గీకడానికి వెళ్లకండి. ట్యూబులైటు కిందికో కిటికీ దగ్గరికో తీసుకెళ్లి చూడండి. చాక్ పొడి గుడ్డతో మెల్లగా తుడిచి, టిప్పును కంటికి అడుగు దూరంలో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. బాగున్న టిప్పు మీద వెలుగు పడితే పొడిపొడిగా, మెరుపు లేకుండా, స్వెడ్ చెప్పు పైభాగంలా కనిపిస్తుంది. పాడవుతున్న టిప్పు నడుమ నల్లగా, గుండ్రంగా, అద్దంలా మెరిసే మచ్చ ఉంటుంది. పదే పదే దెబ్బ తిని అక్కడి నారలు అణిగి, గట్టిపడి, నున్నబడ్డాయన్నమాట. ఆ మచ్చ మీద చాక్ రుద్ది చూడండి. చుట్టూ నీలం పడుతుంది, మచ్చ మాత్రం నల్లగానే మిగులుతుంది. ఆడేవాడి బంతి జారేది అక్కడే.

తర్వాత గోరుతో టిప్పు పక్కను ఫెర్రుల్ మీదుగా కిందికి రాయండి. గోరు ఎక్కడైనా మెట్టు దిగినట్టు తగిలితే తోలు ఫెర్రుల్ కంటే బయటికి ఉబ్బిందని అర్థం. దీన్నే మష్రూమింగ్ అంటారు. చివరగా క్యూను పక్కనుంచి చూడండి. టిప్పు పైభాగం గుమ్మటంలా వంపు తిరిగి ఉందా, బల్లపరుపుగా అయిపోయిందా? టిప్పు బల్లపరుపుగా ఉంటే పక్కకు కొట్టిన ప్రతి దెబ్బా దాని అంచుతోనే పడుతుంది. అంచున చాక్ నిలవదు, తోలు కూడా విడిపోతుంది.

నున్నబడటం, ఉబ్బడం, చదునవడం మూడు వేరు వేరు జబ్బులు. అన్నిటికీ ఒకే మందు వేయడమే మన పార్లర్లలో జరుగుతున్న తప్పు. ఉబ్బిన టిప్పు పైభాగం గీకితే ఉబ్బు పోదు, ఎత్తు తగ్గుతుందంతే. చదునైన టిప్పును ఎంత గరుకు చేసినా అంచు దెబ్బ అంచు దెబ్బే.

ఎప్పుడూ ముందు ఆకారం సరిచూడండి, గరుకు సంగతి ఆ తర్వాత. బజార్లో, ఆన్‌లైన్‌లో దొరికే, టిప్పుకు వంపు తీసే షేపర్ల మీద నికెల్, డైమ్ అని రాసి ఉంటుంది. అవి అమెరికా చిల్లర నాణేలు. నికెల్ వ్యాసం సుమారు 21 మిల్లీమీటర్లు, డైమ్ సుమారు 18. టిప్పు వంపు ఆ నాణెం అంచు వంపుకు సరిపోవాలని లెక్క. వాటి కోసం వెతుక్కోనక్కర్లేదు. 2011లో వచ్చిన మన రూపాయి బిళ్ల వ్యాసం 22 మిల్లీమీటర్లు, 2019 నుంచి వస్తున్నది 20. ఏదైనా ఒకటి టిప్పు వెనకాల నిలువుగా ఆనించి, వెలుతురుకు ఎదురుగా పెట్టి, రెండు వంపులూ కలుస్తున్నాయో లేదో చూడండి. కలిస్తే ఆకారం జోలికి వెళ్లకండి. 12, 13 మిల్లీమీటర్ల పూల్ క్యూలకు ఈ వంపు చక్కగా సరిపోతుంది. 9, 10 మిల్లీమీటర్ల సన్న టిప్పులుండే స్నూకర్ క్యూలకు ఇంకాస్త గుండ్రంగా ఉంటే చాలామంది ఇష్టపడతారు. అది ఆడేవాడి అలవాటును బట్టి ఉంటుంది, అడిగి చేయండి.

వంపు తేవాల్సి వస్తే 120 నంబరు ఉప్పు కాగితం చాలు. 60, 80 నంబర్ల కాగితం తోలును అరగదీయదు, చీలుస్తుంది. నడినెత్తి నుంచి అంచు వైపు కిందికి మాత్రమే లాగండి. ఒక్కో లాగుడికి క్యూను కొద్దిగా తిప్పుతూ పోవాలి. కింది నుంచి పైకి లాగితే, పొరలు అతికించి చేసే లేయర్డ్ టిప్పుల్లో ఆ పొరలు అంచుల్లో విచ్చుకుంటాయి. మధ్యభాగాన్ని దాదాపు ముట్టుకోకూడదు. అంచులు దిగితే వంపు దానంతటదే వస్తుంది, ఎత్తు మాత్రం పోదు. గిన్నెలాంటి షేపర్ వాడేటప్పుడు క్యూను దాని మీద బరువేసి గిరగిరా తిప్పేవాళ్లుంటారు. అలా తిప్పితే తోలు వేడెక్కుతుంది, అవసరానికి మించి పోతుంది. నాలుగు మెల్లని తిప్పుళ్లు, ఆగి చూడటం, కావాలంటే ఇంకో రెండు.

ఇక గరుకు. నున్నబడ్డ తోలుకు మళ్లీ పట్టు తేవడానికి రెండు దారులున్నాయి. ఒకటి పైపొరను రాసి తీసేయడం, అంటే స్కఫింగ్. రెండోది తోలు తీయకుండా దానిలో సన్నని గుంతలు పెట్టడం. తిరగలి నున్నబడితే రాయిని అరగదీయరు, ఉలితో కక్కు కొట్టిస్తారు. టిప్పు ట్యాపర్ చేసేదీ సరిగ్గా అదే. దాని మొహం ఆకురాయిలా చిన్న చిన్న పళ్లతో ఉంటుంది. దాన్ని టిప్పు మీద ఆనించి, వేళ్లతో తట్టినట్టు మెల్లగా నొక్కుతూ, క్యూను తిప్పుతూ గుమ్మటమంతా ఒక చుట్టు రావాలి. రుద్దకూడదు, లాగకూడదు. పని అయ్యాక పొడి రాలదు, తోలు మీద చుక్కచుక్కలుగా గుంతలు మాత్రం కనిపిస్తాయి. ఆ గుంతల్లోకే చాక్ దిగి కూర్చుంటుంది. సూదుల్లాంటి మొనలుండే టిప్ పిక్ కూడా ఇలాంటిదే. దాన్ని నిలువుగా గుచ్చి నిలువుగానే తీయాలి. గుచ్చి పక్కకు లాగితే నారలు తెగి దూదిలా లేచిపోతాయి.

పార్లర్ క్యూలకు నేను ట్యాపర్‌నే సిఫార్సు చేస్తాను. తోలు మిగులుతుంది, కొత్తవాడి చేతిలో కూడా పెద్ద నష్టం జరగదు. కాగితంతో రాయడం మాత్రం మచ్చ మరీ గట్టిపడి ట్యాపర్ పళ్లు దిగనప్పుడే. అప్పుడైనా 150 లేదా 180 నంబరు కాగితంతో మచ్చ మెరుపు పోయేంత వరకే, ఆ మీదట ట్యాపర్. ఎల్క్ మాస్టర్ లాంటి మెత్తని ఒంటిపొర టిప్పులకు తరచూ గరుకు చేయనక్కర్లేదు, కానీ అవి తొందరగా ఉబ్బుతాయి. కముయి, మూరి లాంటి జపాన్ లేయర్డ్ టిప్పులు పంది తోలు పొరలు అతికించి చేసినవి. వాటిలో గట్టి రకాలు ఆకారం బాగా నిలుపుకుంటాయి, నున్నబడటం మాత్రం త్వరగా నున్నబడతాయి. బ్రేక్ క్యూలకు పెట్టే ఫినాలిక్ టిప్పు అసలు తోలే కాదు, గట్టి రెసిన్. ఇప్పటిదాకా చెప్పిన పద్ధతులు దానికి వర్తించవు. బ్రేక్ క్యూ చేతికొస్తే ముందు టిప్పు దేనితో చేసిందో చూసుకోండి.

ఉబ్బిన పక్కల పని ఇంకాస్త జాగ్రత్తగా చేయాలి. ఫెర్రుల్ చుట్టూ ముందు మాస్కింగ్ టేపు రెండు చుట్లు వేయండి. క్యూను తలకిందులు చేసి టిప్పును చెక్క పలక మీద నిలబెట్టి, కొత్త బ్లేడుతో ఫెర్రుల్ గోడ వెంట కిందికి, పలక వైపు కోయండి. బ్లేడు ఎప్పుడూ మీ చేతికి దూరంగానే కదలాలి. మిగిలిన అంచును 220, ఆ తర్వాత 400 నంబరు కాగితంతో ఫెర్రుల్‌కు సమానం చేయండి. ఆ తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది, బర్నిషింగ్. టిప్పు పక్కను మాత్రమే వేలితో కొద్దిగా తడిచేసి, ఒక తోలు ముక్కను దాని చుట్టూ గట్టిగా పట్టుకుని, వేడి పుట్టేదాకా క్యూను వేగంగా తిప్పాలి. పక్కలు గట్టిపడి మెరుస్తాయి, మళ్లీ ఉబ్బడం ఆలస్యమవుతుంది. పైభాగానికి తడి తగలనివ్వకండి. పైన మెరుపు కనిపిస్తే జబ్బు, పక్కన కనిపిస్తే ఆరోగ్యం.

ఇవేవీ టేబుల్ మీద వంగి చేయకండి. తోలు పొడి, ఇసుక గుడ్డలో ఇరుక్కుంటే టేబుల్ గుడ్డకూ నష్టం, బంతులకూ నష్టం. వెనక గదిలో, పాత పేపరు పరుచుకుని, ముక్కుకు మాస్కు పెట్టుకుని చేయండి.

తోలు మందం 2 మిల్లీమీటర్లకు దిగిందంటే ఇంక మరమ్మతు వద్దు, మార్చేయండి. అంత పలచనైతే దెబ్బ నేరుగా ఫెర్రుల్ మీద పడుతుంది, ఫెర్రుల్ పగిలితే ఖర్చు టిప్పుతో ఆగదు. పాత టిప్పును బ్లేడుతో చాలావరకు కోసి, మిగిలిన తోలునూ పాత జిగురునూ బల్లపరుపు చెక్క మీద పరిచిన కాగితంపై రాసి తీసేయాలి. ఇక్కడ క్యూ నిటారుగా ఉండటం ముఖ్యం. కొద్దిగా వాలినా ఫెర్రుల్ మొహం ఏటవాలవుతుంది, దాని మీద పెట్టిన ఏ టిప్పూ నిలవదు. స్టీలు స్కేలు అంచును ఫెర్రుల్ మొహం మీద పెట్టి వెలుతురుకు చూడండి. సందులోంచి వెలుగు రాకపోతే సరిగ్గా ఉన్నట్టు. కొత్త టిప్పు అడుగును కూడా కాగితం మీద ఒకటి రెండుసార్లు రాసి చదును చేయండి.

జిగురు విషయంలో పిసినారిగా ఉండండి. ఫెవిక్విక్ లాంటి జిగురు ఒక్క చుక్క చాలు, మధ్యలో వేసి టిప్పు పెట్టి కొద్దిగా తిప్పి సర్ది, నొక్కి పట్టుకోవాలి. ఎక్కువ పోస్తే అది తోలులోకి ఎక్కి కింది భాగాన్ని రాయి చేస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన టిప్పయినా ఠక్ ఠక్‌మని మోగుతుంది. వీలైతే రాత్రి మూసేముందు అంటించి తెల్లారి ఆకారం తీయండి. కొత్త టిప్పు మొదటి కొన్ని ఆటల్లో అణిగి కొంచెం ఉబ్బడం సహజం. ఆ సంగతి ముందే ఆటగాడికి చెప్పి, ఓసారి మళ్లీ తెమ్మనండి. ఈ రెండోసారి సర్దుబాటుకు డబ్బు తీసుకోకపోతే ఆయన ఇంకెక్కడికీ వెళ్లడు.

మార్కర్ చేతిలో ఉన్న ఇంకో పని ఆడేవాళ్లకు చాక్ వాడకం చూపించడం. దిమ్మను టిప్పు మీద పెట్టి స్క్రూ బిగించినట్టు తిప్పడం అందరికీ అలవాటు. అందుకే పార్లర్లలో చాక్ దిమ్మలన్నిటికీ నడుమ గుంత ఉంటుంది. ఆ గుంతలో ఫెర్రుల్ అంచులు రాసుకుంటాయి, టిప్పు నెత్తి మీద చాక్ మాత్రం సమంగా పడదు. దిమ్మను వాల్చి, కుంచెతో రంగు వేసినట్టు అంచుల మీదుగా తేలిగ్గా రాస్తూ క్యూను తిప్పాలి. మెరిసే మచ్చ ఎక్కడా కనిపించకపోతే చాలు. గుంత పడ్డ దిమ్మలను పారేయకుండా గుంత పోయేదాకా ఉప్పు కాగితం మీద అరగదీసి మళ్లీ పెట్టవచ్చు.

సముద్రం పక్కనున్న ఊళ్లలో వానాకాలం వస్తే చాక్‌కూ తోలుకూ తేమ పడుతుంది. తేమ పట్టిన తోలు మెత్తబడి తొందరగా ఉబ్బుతుంది, తేమ పట్టిన చాక్ రాసినా అంటదు. చాక్ దిమ్మలను రాత్రిపూట మూతున్న డబ్బాలో పెట్టండి. క్యూలను గోడకు వాల్చి వదలకండి, క్యూ కర్ర వంగిపోతుంది. స్టాండులో నిలబెట్టండి, తడి గుడ్డ తగలనివ్వకండి.  ఇంత జాగ్రత్త ఎందుకంటారా, ప్రొఫెషనల్ స్నూకర్లో మ్యాచ్ మధ్యలో టిప్పు ఊడితే మార్చుకోవడానికి ఆటగాడికి విరామం కూడా ఇస్తారు. క్యూ మొత్తంలో అంత విలువ ఈ తోలు బిళ్లకే ఉంది.

రోజువారీ క్రమం కూడా పెట్టుకోండి. షట్టరు ఎత్తాక, మొదటి కస్టమర్ వచ్చేలోపు ప్రతి క్యూనూ లైటు కింద ఒకసారి చూడండి. మచ్చ ఉంటే ట్యాపర్, ఉబ్బుంటే పక్కన పెట్టి తర్వాత పని, పలచబడితే యజమానికి కబురు. క్యూలకు నంబర్లేసి ఓ నోటుబుక్కులో ఏ టిప్పు ఎప్పుడు వేశారో రాయండి. ఆ పుస్తకం చూపిస్తే కొత్త టిప్పులకు డబ్బు అడగడం తేలికవుతుంది. యజమాని కూడా నోటి మాటను కాదంటాడేమో గాని లెక్కను కాదనడు.

సొంత క్యూ తెచ్చిన కస్టమర్ విషయంలో మాత్రం అడగకుండా చెయ్యి వేయకండి. "సర్, టిప్పు నడుమ నున్నబడింది, చూస్తారా?" అని లైటు కింద చూపించండి. ఏం చేయబోతున్నారో, ఎంత తీసుకుంటారో ముందే చెప్పండి. టిప్పు మార్చాల్సినంత పలచగా ఉంటే గీకి డబ్బు తీసుకోవడం కంటే, "ఇంక గీకితే లాభం లేదు సర్, మార్చాలి" అనడమే మంచిది. లేయర్డ్ టిప్పులు ఖరీదైనవి. వాటి మీద ఒక్కసారి ఎక్కువ తోలు తీశారంటే ఆ మనిషి మళ్లీ మీ చేతికి క్యూ ఇవ్వడు, నలుగురికీ చెబుతాడు కూడా.

కాబట్టి నేర్చుకోవడం ఆయన క్యూ మీద మొదలుపెట్టకండి. ప్రతి పార్లర్లోనూ మూలన వంగిపోయిన క్యూ ఒకటి పడి ఉంటుంది. యజమానిని అడిగి దాన్ని తీసుకోండి, అతి చవక టిప్పులు కొన్ని కొనండి. మీరు వేసి, ఆకారం తీసి, కక్కు కొట్టిన టిప్పుతో మీరే బంతిని పక్కకు కొట్టి చూడండి. జారకుండా ఆడుతున్నంత కాలం దాన్ని గీకకండి.